మా అపార్ట్‌మెంటు మురుగుశుద్ధి ప్లాంటు: యంత్రానికి నాలుగు మార్కులు, సేవకు రెండు

అనంతపురంలోని మా నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంటుకు రోజుకు 20 కిలోలీటర్ల మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటును, ఫ్యాక్టరీలోనే తయారై వచ్చిన ఫైబర్ ట్యాంకుల రూపంలో కొని, పార్కింగు వెనుక ఖాళీ జాగాలో పూడ్పించి, దానికి నిర్వహణ ఒప్పందం కూడా కుదుర్చుకున్నాం. ఇప్పటికి రెండు వేసవులు గడిచాయి కాబట్టి మెచ్చుకోవడానికైనా తప్పుపట్టడానికైనా తగినంత అనుభవం పోగైంది. యంత్రానికి అయిదుకు నాలుగు మార్కులు వేస్తాను. అమ్మిన తరువాత అందిన సేవకు రెండుకు మించి వేయలేను. సంస్థ పేరు రాయడం లేదు. బిల్లుల మీద తగవు ఇంకా తేలలేదు, పైగా ఇదే పద్ధతిలో ఇలాంటి ట్యాంకులనే అమ్మేవాళ్లు హైదరాబాదులోనూ బెంగళూరులోనూ ఎందరో ఉన్నారు గనుక, కొనబోయేవారికి పేరు కన్నా ఏమేమి అడగాలో తెలియడమే ఎక్కువ ఉపయోగపడుతుంది.

నేను ఇంజనీరును కాను, లెక్కల మాస్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. సునామీ తరువాతి సంవత్సరాల్లో మాల్దీవుల్లోని ఒక చిన్న దీవి బడిలో పాఠాలు చెప్పాను. మన దేశం నుంచి అలా వెళ్లిన ఉపాధ్యాయులు అక్కడ చాలామందే ఉండేవారు. మురుగునీటి గురించి నాకు తెలిసిన దానిలో సగం అక్కడ చూసి నేర్చుకున్నదే. ఆ సంగతి ఒకసారి మీటింగులో నోరు జారి చెప్పినందుకు అసోసియేషన్ వాళ్లు ప్లాంటు బాధ్యతంతా నా నెత్తిన పెట్టారు.

మాల్దీవుల్లో దాదాపు 1,200 పగడపు దీవులు ఉంటే, వాటిలో జనం కాపురం ఉండేవి 200 లోపే. సముద్రమట్టానికి సగటున ఒకటిన్నర మీటరు ఎత్తు మాత్రమే ఉండే ఆ ఇసుక నేల మీద వాన ఏడాదికి సుమారు 1,900 మిల్లీమీటర్లు పడుతుంది. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు 550 మిల్లీమీటర్లకు అది మూడు రెట్లకు పైమాటే. అయినా అక్కడ ఏరు లేదు, వంక లేదు, నీళ్లు నిలబెట్టుకునే తావు లేదు. ఇంకిన వాన నీరు కింద ఉన్న సముద్రపు నీటికన్నా తేలిక గనుక దాని మీద పలుచని పొరగా నిలుస్తుంది, ప్రతి ఇంటి బావినీ ఆ పొరలోకే తవ్వుతారు. అదే పెరట్లో, బావికి కొన్ని అడుగుల దూరంలో, సెప్టిక్ ట్యాంకు ఉంటుంది. ట్యాంకు నుంచి ఇసుకలోకి దిగిన నీరు ఒక మీటరు దిగేసరికి బావి నీటిని కలుస్తుంది. నేను అద్దెకున్న ఇంటి బావి నీళ్లకు కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చేది. తాగడానికి మాత్రం కప్పు మీద పడిన వాన నీటిని పెద్ద ప్లాస్టిక్ ట్యాంకుల్లో పట్టుకొని దాచుకునేవారు. 2004 డిసెంబరు 26న అలలు దీవుల మీదుగా పోయినప్పుడు బావులూ సెప్టిక్ ట్యాంకులూ సముద్రమూ ఏకమయ్యాయి. ఆ తరువాతే విదేశీ సాయంతో అనేక దీవుల్లో మురుగు పైపులు వేశారు. నేల బల్లపరుపుగా ఉండడంతో మురుగు దానంతట అది పారదు. అక్కడక్కడా గుంత తవ్వి పంపు పెట్టి ఎత్తిపోయాలి. జనరేటరు ఆగితే పంపు ఆగుతుంది, పంపు ఆగితే వీధిలో మ్యాన్‌హోలు మూత లేస్తుంది. ఆ మురుగును చాలాచోట్ల శుద్ధి చేయకుండానే పగడపు దిబ్బ దాటేదాకా పైపు వేసి లోతు సముద్రంలోకి వదిలేవారు. అందులోని నైట్రోజనూ ఫాస్ఫరసూ తిని పాచి పెరిగితే పగడాలు చస్తాయి. ఆ పగడాలే పోతే దీవికి అలల నుంచి అడ్డు ఉండదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా అపార్ట్‌మెంటు పరిస్థితీ ఇంచుమించు అదే. సెప్టిక్ ట్యాంకు ఒక మూల, బోరు ఇంకో మూల, మధ్యలో పది కార్ల పార్కింగు. బోరు నీళ్లను పరీక్ష చేయిస్తే నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటింది, తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చిన గరిష్ఠ పరిమితి అదే. ట్యాంకు నిండినప్పుడల్లా వచ్చే సెప్టిక్ బండి దాన్ని ఎక్కడ గుమ్మరిస్తుందో ఎవరమూ అడిగేవాళ్లం కాము. పొర్లిన నీరు రోడ్డు పక్క కాలువ పట్టుకొని ఊళ్లో పారే నడిమివంక వాగుకు చేరేది. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి కాలనీలు మునిగినప్పుడు, మేము పంపినదంతా మా దగ్గరి బంధువుల ఇళ్లలోకి మోకాటి లోతున వచ్చి కూర్చుంది. ప్లాంటు కొందామన్న తీర్మానానికి ఆ నెల జరిగిన మీటింగులో ఒక్కరూ అడ్డు చెప్పలేదు.

ఇక సరుకు విషయానికి వస్తాను. మొదట వచ్చిన సేల్స్ అధికారి 30 కిలోలీటర్ల ప్లాంటు తీసుకోమన్నాడు, పెద్దదైతే ఎప్పటికైనా మంచిదే అన్నాడు. నేను కాగితం మీద లెక్క వేశాను. నలభై ఫ్లాట్లు, ఫ్లాటుకు నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లు అనుకుంటే 21,600 లీటర్లు. అందులో నూటికి ఎనభై వంతులు మురుగుగా తిరిగి వస్తుందన్నది ఇంజనీర్లు వాడే లెక్క, అంటే 17,280 లీటర్లు. ఇరవై చాలు. డబ్బు మిగలడం ఒక లాభమే గానీ అసలు కారణం అది కాదు. ప్లాంటులో పనిచేసేది సూక్ష్మజీవులు, వాటి తిండి మన మురుగు. ట్యాంకు పెద్దదై మురుగు తక్కువైతే అవి ఆకలితో చస్తాయి, శుద్ధి చెడుతుంది. సగం ఫ్లాట్లు ఖాళీగా ఉన్న కొత్త అపార్ట్‌మెంట్లలో ప్లాంట్లు మొదటి ఏడాదే మూలపడడానికి ముఖ్యమైన కారణాల్లో ఇదొకటని ఈ రెండేళ్లలో నలుగురైదుగురు ప్లంబర్ల నోట విన్నాను.

ప్లాంటు పని తీరు క్లుప్తంగా చెబుతాను. మురుగు మొదట జల్లెడ గది, నూనె జిడ్డును ఆపే గ్రీజు ట్రాపు దాటి నిల్వ ట్యాంకుకు వస్తుంది. అక్కడి నుంచి గాలి ట్యాంకులోకి కొద్దికొద్దిగా వెళుతుంది. బ్లోయరు పంపే గాలి అడుగున ఉన్న రబ్బరు డిఫ్యూజర్ల నుంచి సన్నని బుడగలుగా పైకి వస్తుంటే, ఆ ప్రాణవాయువుతో సూక్ష్మజీవులు మలినాన్ని తిని గుంపులుగా ముద్దకడతాయి. తరువాతి ట్యాంకులో ఆ ముద్ద అడుగుకు దిగి, పైన తేట నీరు మిగులుతుంది. దిగిన బురదలో ఎక్కువ భాగాన్ని గాలి ట్యాంకుకే తిప్పి పంపాలి, మిగిలినదాన్ని అప్పుడప్పుడు బయటికి తీసివేయాలి. తేట నీరు ఇసుక ఫిల్టరూ బొగ్గు ఫిల్టరూ దాటాక క్లోరిన్ కలిసి మేడ మీది ఫ్లష్ ట్యాంకుకు ఎక్కుతుంది. 2017 అక్టోబరు నాటి కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషను ప్రకారం మహానగరాలు కాని చోట్ల శుద్ధి చేసిన నీటిలో బీఓడీ, అంటే మిగిలిన మలినాన్ని తినడానికి సూక్ష్మజీవులకు కావలసిన ప్రాణవాయువు కొలత, లీటరుకు 30 మిల్లీగ్రాములకు మించకూడదు. సంస్థ 10 లోపు వస్తుందని రాసిచ్చింది. ప్లాంటు సవ్యంగా నడిచిన నెలల్లో మేము స్వయంగా పంపించి చేయించిన పరీక్షల్లో అలాగే వచ్చింది కూడా. ఈ నాలుగు మార్కుల్లో మూడు దానికే.

నాలుగో మార్కు దేనికంటే, ఈ యంత్రం తన ఆరోగ్యాన్ని దాచుకోదు. మా వాచ్‌మన్ పదో తరగతి దాకా చదివిన కుర్రవాడు. ప్రతి ఉదయం ఒక లీటరు కొలజాడీలో గాలి ట్యాంకు నీటిని పట్టి గోడ పక్కన కదలకుండా పెట్టి, సరిగ్గా అరగంట తరువాత బురద ఏ గీత దాకా దిగిందో చూసి నోటు పుస్తకంలో రాస్తాడు. 250కీ 350 మిల్లీలీటర్లకీ మధ్య నిలిచి, రంగు ముదురు గోధుమగా ఉండి, పైన నీరు తేటగా కనిపిస్తే ఆ రోజు ఏమీ చేయనక్కర లేదు. నల్లబడితే గాలి చాలడం లేదని అర్థం. తెల్లటి నురుగు గుట్టగా లేస్తే బురద ఇంకా లేతగా ఉందనో, సబ్బు పొడి ఎక్కువ వచ్చిందనో అనుకోవాలి. దిగిన బురద కాసేపటికి తిరిగి పైకి తేలితే అది అడుగున ఎక్కువ సేపు ఉండిపోయి, అందులో నైట్రోజన్ బుడగలు పుట్టాయని గుర్తు, తిప్పి పంపే గాలి పైపు మూసుకుపోయిందేమో చూసుకోవాలి. అంకె 600 దాటితే బురద తీసివేయవలసిన వేళ అయింది. దీనికి ప్రయోగశాల అక్కర లేదు, జాడీ ఒకటీ గడియారం ఒకటీ చాలు. వింత ఏమిటంటే ఈ పరీక్ష ఉందన్న మాటే సంస్థవారు మాకు ఇచ్చిన శిక్షణలో చెప్పలేదు. వాళ్ల శిక్షణ అంతా ఏ స్విచ్చు ఏ మోటారుదో చూపించడంతో ముగిసింది. నెల్లూరులో ఒక కర్మాగారం ప్లాంటు చూసుకునే నా పాత శిష్యుడు ఫోనులో చెబితే తెలిసింది.

ప్లాంటును మొదలుపెట్టడంలోనూ ఒక మెలిక ఉంది. పెరుగుకు తోడు వేసినట్లు దీనికీ మొదట సూక్ష్మజీవుల బురద వేయాలి. సంస్థ టెక్నీషియన్ రెండు డ్రమ్ముల పేడనీళ్లు పోయించి చాలన్నాడు. మూడు వారాలైనా జాడీలో అడుగున వేలెడు కూడా దిగలేదు. చివరికి నడుస్తున్న వేరే ప్లాంటు నుంచి ఒక ట్యాంకరు బురద తెప్పించి పోశాక కొద్ది రోజుల్లోనే దారికి వచ్చింది. ఆ ట్యాంకరు ఖర్చు ఎవరిదన్నది ఒప్పందంలో లేదు, మేమే కట్టాము.

శుద్ధి తరువాత మిగిలే ఉప్పు గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే రాయలసీమలో ఇలాంటి ప్లాంటు కొనేవారిని ఎవరూ ముందుగా హెచ్చరించని విషయం ఇదే. సూక్ష్మజీవులు మలినాన్ని తింటాయి గానీ ఉప్పును తినవు. మా బోరు నీళ్ల టీడీఎస్, అంటే నీటిలో కరిగిన ఉప్పుల కొలత, లీటరుకు 1,100 మిల్లీగ్రాముల దగ్గర ఉంటే, వాడుకలో సబ్బులూ ఆహారపు ఉప్పులూ చేరి, శుద్ధి అయి వచ్చేసరికి 1,400 అవుతోంది. ఫ్లష్ ట్యాంకుల్లో తెల్లటి పొక్కు కడుతోంది, ఏడాదికొకసారి డిఫ్యూజర్ల రంధ్రాలను కూడా పూడ్చేస్తోంది. తోటలో కరివేపాకు, నిమ్మ ఆకుల అంచులు మాడాయి. గన్నేరుకూ వేపకూ మాత్రం ఏమీ కాలేదు. ఇది మనకొక్కరికే వచ్చిన చిక్కు కాదు. మధ్యధరా సముద్రంలో మాల్టా అనే 316 చదరపు కిలోమీటర్ల దేశం ఉంది. వాన దాదాపు మన అనంతపురమంతే, ఏడాదికి 550 మిల్లీమీటర్లు. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. తాగునీటిలో సగానికి పైగా సముద్రపు నీటి ఉప్పు తీసి సంపాదించుకున్నదే. 2011 నుంచి ఆ దేశంలో మురుగంతా శుద్ధి అయ్యాకే సముద్రంలోకి పోతోంది. అయితే తీరం వెంబడి పాత పైపుల్లోకి సముద్రపు నీరు చొరబడుతుండడంతో, శుద్ధి చేసిన నీరు కూడా ఉప్పగా ఉండి పొలాలకు పనికిరాలేదు. ఆ నీటిని మళ్లీ ఉప్పును ఆపే ఆర్వో పొరల నుంచి పంపి, న్యూ వాటర్ అనే పేరుతో రైతులకు ఇవ్వడం ఆ తరువాత మొదలుపెట్టారు.

ఈ ఉప్పు సంగతి చెప్పగానే మా సేల్స్ అధికారి ఆర్వో యంత్రాన్ని ముందుకు తోశాడు. “సింగపూరులో ఇదే చేస్తున్నారు సార్, మీరూ పెట్టించుకోండి” అన్నాడు. సింగపూరు చేస్తున్న మాట నిజమే. 2003 నుంచి ఆ దేశం మురుగునీటిని సన్నని పొరల వడపోత, ఆర్వో, అతినీలలోహిత కిరణాలు అనే మూడు మెట్లు దాటించి న్యూవాటర్ తయారు చేస్తోంది, దేశపు నీటి అవసరంలో 40 శాతం దాకా దానితో తీర్చగలదు. అయితే ఆ నీటిలో ఎక్కువ భాగం తాగడానికి పోదు. చిప్పుల కర్మాగారాలకూ పెద్ద భవనాల శీతల యంత్రాలకూ పోతుంది, ఎండా కాలంలో కొంత జలాశయాల్లో కలుపుతారు. దాని వెనుక 2008లో పూర్తయిన 48 కిలోమీటర్ల లోతైన సొరంగం ఉంది, మురుగును ఒకే చోటికి చేర్చే చాంగీ ప్లాంటు ఉంది, రేయింబవళ్లు నీటిని పరీక్షించే సిబ్బంది ఉన్నారు. ఇదే సింగపూరులో 1987 దాకా కొన్ని ఇళ్ల నుంచి బకెట్లతో మలం ఎత్తుకెళ్లేవారన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మధ్యలో జరిగినది ఒక్క యంత్రం కొనడం కాదు. మా వంటి అపార్ట్‌మెంటులో ఆర్వో పెడితే లోపలికి పోయిన నీటిలో పెద్ద వాటా మరింత చిక్కని ఉప్పునీరై బయటికి వస్తుంది. సింగపూరు దాన్ని సముద్రానికి వదలగలదు, మేము ఎక్కడికి వదలాలి? నడిమివంకకేనా? ఆ ప్రతిపాదనను తిరస్కరించాము. తోటకు నెలలో కొన్ని రోజులు ట్యాంకరు మంచినీళ్లు మార్చి పోస్తున్నాము, నిమ్మ చెట్టు ఆశ వదులుకున్నాము.

ఇంత కష్టం దేనికి, వాడకుండా వదిలేసిన ఉప్పు బోరు నీటితోనే ఫ్లష్ చేసుకుంటే పోదా అని ఒకరు అడిగారు. ఉప్పునీటితో ఫ్లష్ చేస్తే ఏమవుతుందో ఇంకో దీవి చూపించింది. పసిఫిక్ సముద్రంలోని కిరిబాతి దేశంలో, 1977లో కలరా వచ్చిన తరువాత తరవా దీవిలో సముద్రపు నీటితోనే ఫ్లష్ చేసే మురుగు వ్యవస్థను కట్టారు. మంచినీటి ఆదా జరిగింది నిజమే గానీ, సముద్రపు నీటిలోని సల్ఫేటు మురుగులో హైడ్రోజన్ సల్ఫైడుగా మారి ఇనుమునూ సిమెంటునూ తినేస్తుంది. చుట్టూ సముద్రం ఉండి మంచినీళ్లు లేనివారికి అది గత్యంతరం లేని దారి. మాకు ఆ అవసరం లేదు, మా ప్లాంటులోని సూక్ష్మజీవులకు అంత ఉప్పు పడదు కూడా.

ఫ్లష్ నీటి వాడకం గురించి నివాసుల స్పందన మిశ్రమంగానే ఉంది. ఫ్లష్‌కు మనిషికి రోజుకు 45 లీటర్లు అవుతుందని జాతీయ భవన నిర్మాణ నియమావళి లెక్క. 160 మందికి 7,200 లీటర్లు, అంటే వేసవిలో మేము రోజూ కొనే 5,000 లీటర్ల ట్యాంకరు ఒకటి నిక్కచ్చిగా తగ్గింది. ఆ లాభం అందరికీ నచ్చింది. కానీ రెండో అంతస్తు పెద్దావిడ మాత్రం “మాస్టారూ, మా పూజగది గోడ అవతలే బాత్రూము. ఆ పైపు నీళ్లు మా ఇంటికి వద్దు నాయనా” అని మొదటి రోజే చెప్పేశారు. ఆవిడతో వాదించలేదు, ఆ ఒక్క ఫ్లాటుకు పాత లైను ఉంచాము. పాత కట్టడంలో ఫ్లష్‌కు వేరే పైపు వేయించడానికి ప్లాంటు ధరలో దాదాపు మూడో వంతు అదనంగా ఖర్చయిందని కొనబోయేవారు గమనించాలి. కొత్తగా కట్టేవారు మొదటే వేయించుకుంటే చాలా తక్కువలో పోతుంది.

నివాసుల వైపు నుంచి ప్లాంటుకు వచ్చే హాని కూడా తక్కువేమీ కాదు. ఉగాది మర్నాడు గ్రీజు ట్రాపు మూత తీస్తే, ఓళిగల నెయ్యీ వడల నూనే కలిసి చేతి మందాన పసుపు పచ్చని అట్టగా పేరుకొని ఉంది, అట్లకాడతో పెచ్చులుగా లేపవలసి వచ్చింది. పండుగకు ముందు అందరూ ఒకే రోజున బాత్రూముల్లో యాసిడ్, బ్లీచింగ్ పోసి కడిగితే ఆ వారమంతా జాడీలో అంకె పడిపోయింది. ఇప్పుడు ఏ అంతస్తు ఏ రోజు కడగాలో లిఫ్టు పక్కన కాగితం అంటించాము. తడి టిష్యూలు, శానిటరీ ప్యాడ్లు జల్లెడలో ఇంకా పడుతూనే ఉన్నాయి, వాటిని తీసే పని వాచ్‌మన్‌దే; అందుకని అతని జీతం పెంచాము, రబ్బరు గ్లవ్సులూ బూట్లూ కొనిచ్చాము.

ఇక రెండు మార్కుల కథ. ఒప్పందం ప్రకారం ఫిర్యాదు చేసిన 48 గంటల్లో మనిషి రావాలి. మే నెలలో బ్లోయరు బేరింగు పోయింది. మొదటి మూడు రోజులు ఫోను ఎత్తేవారు, రేపు అనేవారు. తరువాత ఎత్తడం మానేశారు. గాలి లేక ట్యాంకు నల్లబడింది, నాలుగో నాటికి కింది అంతస్తులవారు కిటికీలు తెరవలేకపోయారు. విడిభాగం కోయంబత్తూరు నుంచి రావాలట. మనిషి రావడానికి దాదాపు రెండు వారాలు పట్టింది, ఆలోగా సూక్ష్మజీవులు చచ్చి మళ్లీ ట్యాంకరు బురద తెప్పించుకోవలసి వచ్చింది. అసలు ప్రతిపాదనలో రెండు బ్లోయర్లు ఉండేవి. ధర తగ్గించమని మేము బేరమాడినప్పుడు సంస్థ రెండోదాన్ని నిశ్శబ్దంగా తీసివేసి కొత్త కొటేషను ఇచ్చింది, దాని పర్యవసానం ఏమిటో ఒక్క వాక్యం కూడా చెప్పలేదు. బేరం మాదే, కానీ గాలి ఆగితే ప్లాంటు చస్తుందని తెలిసిన పక్షం వాళ్లది.

ఆ రోజుల్లో నాకు పదేపదే మాల్దీవులే గుర్తుకు వచ్చాయి. నేనున్న దీవిలో పంపు చెడితే విడిభాగం పడవలో రావాలి, సముద్రం బాగా లేకపోతే పడవ రాదు. కాబట్టి తెలివైనవాళ్లు పంపు కొన్నప్పుడే సీళ్లూ బేరింగులూ కొని గదిలో పెట్టుకునేవారు. నేను తిరిగి వచ్చేసిన తరువాత, 2014 డిసెంబరులో, రాజధాని మాలేలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటులో మంటలు చెలరేగి, లక్షకు పైగా జనమున్న నగరానికి ఒక్కసారిగా నీళ్లు ఆగిపోయాయి. మన దేశం విమానాల్లోనూ నౌకల్లోనూ తాగునీరు పంపింది. ఆ వార్త చదివిన నేనే, రెండో బ్లోయరు కొటేషనులో మాయమైతే సంతకం పెట్టిన కమిటీలో కూర్చున్నాను. ఇప్పుడు మా ప్లాంటు గదిలో రెండు బ్లోయర్లు వంతులవారీగా తిరుగుతున్నాయి, బెల్టులూ బేరింగులూ అలమరలో ఉన్నాయి. అనంతపురంలో మోటార్లు చుట్టే ఒక మెకానిక్కు పాత బ్లోయరును విప్పి చూసి, ఇకమీదట తానే చేసి పెడతానన్నాడు.

సేవలో అన్నిటికన్నా తీవ్రమైన లోపం వేరే ఉంది. డిఫ్యూజర్లు శుభ్రం చేయడానికి వచ్చిన టెక్నీషియన్ నిల్వ ట్యాంకు మూత తీసి, ఏ పరీక్షా లేకుండా, తాడు కూడా కట్టుకోకుండా నిచ్చెన దించాడు. వాచ్‌మన్ కేక వేస్తే నేను వెళ్లి ఆపాను. మూసి ఉన్న మురుగు ట్యాంకులో పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడు ఎక్కువ మోతాదులో ఉంటే వాసన కూడా తెలియదు, ముక్కు మొద్దుబారిపోతుంది. ఒకరు పడితే తీయడానికి దిగిన రెండోవాడూ పడతాడు. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 నాటి చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని అలా దించడం నేరం, దించమన్నవాళ్లూ బాధ్యులే. “రోజూ చేసే పనే సార్, ఏం కాదు” అని ఆ అబ్బాయి నవ్వాడు. అతనికి సంస్థ గ్లవ్సులు కూడా ఇవ్వలేదు. ట్యాంకు ఖాళీ చేసి, గాలి కొట్టి, గ్యాసు కొలిచే పరికరంతో మరొకరు వచ్చేదాకా పని ఆపించాము, సంస్థ మేనేజరు మా మీదే విసుక్కున్నాడు. ఈ ఒక్క సంఘటనకే ఆ రెండు మార్కులు కూడా తీసేయాలని మా కోశాధికారి వాదన. బిల్లుల మీద తగవు ఉన్నా వాటిలో మోసం మాత్రం చేయలేదు గనుక ఉంచుతున్నాను.

ఖర్చుల మాట: ప్లాంటుకు పన్నులతో దాదాపు 14 లక్షలు అయింది, పైపు లైను దీనికి అదనం. రెండు హార్స్‌పవర్ బ్లోయరు రోజుకు 18 గంటలు తిరిగితే 27 యూనిట్ల దాకా కాలుతుంది, పంపులు వేరే. విద్యుత్తు కోత నాలుగైదు గంటలు దాటితే జనరేటరు మీద బ్లోయరును నడపక తప్పదు, ఆ కనెక్షను అమ్మేవాళ్లు ఇవ్వరు, అడిగి పెట్టించుకోవాలి. తీసిన బురదను ఇటుకలతో కట్టిన మడిలో ఇసుక మీద పోస్తే మన ఎండకు కొద్ది రోజుల్లో ఎండి పెళ్లలౌతుంది. ఈ విషయంలో మాత్రం అనంతపురం ఏ దీవి కన్నా అదృష్టవంతురాలు. ఆ పెళ్లలను వేప చెట్ల పాదుల్లో వేస్తున్నాము, ఆకుకూరలకు వేయడం లేదు.

కొనవచ్చునా అని అడిగేవారికి నా జవాబు ఇది. నలభై, అంతకు పైన ఫ్లాట్లుండి, దాదాపు అన్నిటా జనం ఉండి, రోజూ పొద్దున్నే ఒక అరగంట జాడీ ముందు నిలబడే మనిషి దొరికితే కొనవచ్చు. ఇరవై లోపు ఫ్లాట్లవారు దీని జోలికి వెళ్లకుండా, ఉన్న సెప్టిక్ ట్యాంకును సరైన కొలతలతో బాగు చేయించుకొని, దాని నీటిని బోరుకు దూరంగా ఇంకించడం మేలని నా అభిప్రాయం. కొనేముందు ఆ సంస్థ పెట్టిన ప్లాంటు, రెండేళ్లు దాటినది, ఒకటి చూపించమనండి. చూపించేది కొత్తదైతే వెనక్కి వచ్చేయండి.

మా నిర్వహణ ఒప్పందం సెప్టెంబరులో ముగుస్తుంది. కొత్తదానిలో రెండో బ్లోయరు బాగోగులు, మొదటి బురద ట్యాంకరు ఖర్చు, 48 గంటలు దాటితే రోజుకింత అని తగ్గింపు, ట్యాంకులోకి మనిషిని దించకూడదన్న షరతు, మా మనిషే నమూనా పట్టి మేము ఎంచుకున్న ప్రయోగశాలకు పంపే హక్కు, ఈ అయిదూ రాతలో ఉండాలని పాత సంస్థకు ఉత్తరం పంపాము. మూడింటికి ఒప్పుకున్నారు, ఆలస్యానికి తగ్గింపు, ప్రయోగశాల విషయాల్లో మాత్రం బెట్టు చేస్తున్నారు. కర్నూలులోనో కడపలోనో మనిషిని ఉంచి అయిదింటికీ సంతకం పెట్టే సంస్థ ఎవరికైనా తెలిస్తే, ఆగస్టు లోపల తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.